నలుగురం నాలుగు ఊళ్లలో ఉన్నాం: కలిసి ఆడుకోవడానికి ఏ ఫాంటసీ ఎంఎంఓ మంచిది?

తూర్పుగాలి · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మేం నలుగురం బీటెక్‌లో ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్లం. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో, ఒకడు డాలస్‌లో, ఒకడు బర్మింగ్‌హామ్‌లో, ఇంకొకడు కాకినాడలో వాళ్ల నాన్నగారి షాపులో. వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప మాటలు తగ్గిపోయాయి. వారానికి ఒక్కసారైనా కలిసి కూర్చోవాలని, దానికి ఒక ఫాంటసీ ఎంఎంఓ (వేలమంది ఇంటర్నెట్ మీద ఒకే లోకంలో ఆడే ఆట) మొదలుపెడదామని అనుకున్నాం.

నాదీ డాలస్ వాడిదీ మంచి డెస్క్‌టాప్‌లు. బర్మింగ్‌హామ్ వాడిది గేమింగ్ ల్యాప్‌టాప్. కాకినాడ వాడిది పాత ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వారానికి రెండు మూడు గంటలు కుదురుతుంది, కొన్ని వారాలు అదీ కుదరదు. నెలనెలా డబ్బు కట్టడం ఇద్దరికి కష్టం.

వావ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్), ఫైనల్ ఫాంటసీ 14, గిల్డ్ వార్స్ 2, ఎల్డర్ స్క్రోల్స్, ఆల్బియన్, రూన్‌స్కేప్ పేర్లు ఎక్కువగా వింటున్నాం. ఆడినవాళ్లు దయచేసి కారణాలతో చెప్పండి.

ఓరుగల్లు_వీరుడు · శనివారం, రాత్రి 9:58

తమ్మీ, వేరే ఆలోచన పెట్టుకోకు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. 2004 నవంబర్ 23న మొదలైన ఆట ఇయ్యాల్టికి నడుస్తున్నదంటే ఊరికెనే కాదు. అమెరికాల నెల చందా అప్పుడు 14.99 డాలర్లు, ఇప్పుడు గూడ అంతే. లెవెల్ 20 దాంక పైసా కట్టకుండ ఆడొచ్చు. చందా కడితే కొత్త ఎక్స్‌పాన్షన్ (ఆటకు కలిపే కొత్త భాగం) ఒక్కటి తప్ప పాతవన్ని అందులనే వస్తయ్, 2019ల తెచ్చిన క్లాసిక్, అంటే పాత రూపం ఆట గూడ.

మీలాంటి చిన్న గుంపుకు 2024ల డెల్వ్స్ అని చిన్న గుహలు పెట్టిండ్రు. ఒక్కరి నుంచి అయిదుగురి దాంక పోవచ్చు. ఒక్కడు రాకున్నా ఆట ఆగదు, కంప్యూటర్ నడిపే తోడు ఒకడు ఎంబడి వస్తడు. అర్ధగంటలోపే అయిపోతది.

ఇంకో మాట. ఇది లోకం, ఒట్టి ఆట కాదు. 2005ల హక్కార్ అనే బాస్ (పెద్ద శత్రువు) వేసే రక్తపు శాపం పెంపుడు జంతువుల ఎంబడి గుహ దాటి పట్నాలకు పాకింది. వీధుల నిండ శవాలు. కొత్తోళ్లు అడుగు పెట్టంగనే చచ్చేది. అంటువ్యాధుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు దాన్ని చదివి పత్రాలు రాసిండ్రు. మనుషులు నిజంగ ఎట్ల ప్రవర్తిస్తరో అందుల కనపడ్డదని. అట్లాంటి లోకం ఇంకోటి నేను చూడలేదు.

లాగ్_విరోధి · శనివారం, రాత్రి 10:25

తూర్పుగాలి గారూ, ఆట పేరు కన్నా ముందు సర్వర్ (ఆటని నడిపే కంపెనీ కంప్యూటర్) ఎక్కడుందో చూడండి. మీ నలుగురి విషయంలో అదే తేల్చేస్తుంది.

ఫైబర్ తీగలో వెలుగు ఒక మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్ సూటిగా 14,000 కిలోమీటర్ల పైనే. అంటే తీగ గీత గీసినట్టు ఉన్నా పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు. నిజం తీగలు సముద్రం అడుగున చుట్టూ తిరిగి వెళ్తాయి, మధ్యలో ఎన్నో మజిలీలు. నా కనెక్షన్‌లో అమెరికా మధ్య భాగానికి 250 పైనే చూపిస్తుంది. యూరప్‌కి 140–160. సింగపూర్ అయితే 60 దరిదాపుల్లో. ఏ కంపెనీ ప్లాన్ కొన్నా, ఎంత ఎంబీపీఎస్ ఉన్నా ఈ దూరం తగ్గదు. స్పీడ్ వేరు, పింగ్ (ఈ పోయి వచ్చే ఆలస్యం) వేరు.

మీలో ఇద్దరు ఇండియాలో, ఒకడు ఇంగ్లండ్‌లో, ఒకడు అమెరికాలో. అమెరికా సర్వర్ పెట్టుకుంటే ఇండియాలో ఇద్దరూ వారం వారం ఇబ్బంది పడతారు. సింగపూర్ పెట్టుకుంటే మిగతా ఇద్దరికి కష్టం. యూరప్ పెట్టుకుంటే బర్మింగ్‌హామ్ వాడికి హాయి, మీకూ డాలస్ వాడికీ సుమారుగా ఒకేలాంటి ఆలస్యం. కాబట్టి యూరప్ సర్వర్ ఉన్న ఆటే.

వెన్నెల_తీరం · శనివారం, రాత్రి 11:10

నేను ఫైనల్ ఫాంటసీ 14 చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. దాని ఉచిత ట్రయల్ లాంటిది ఇంకే ఆటలోనూ లేదు. మొదటి కథ, ఆ తర్వాత రెండు ఎక్స్‌పాన్షన్లు, లెవెల్ 70 వరకూ, గడువు లేకుండా ఇస్తారు. వారానికి రెండు మూడు గంటలు ఆడేవాళ్లకి అది రెండేళ్లకి కూడా అయిపోదు.

ఈ ఆట మీద నాకున్న గౌరవానికి ఇంకో కారణం ఉంది. 2010లో విడుదలైనప్పుడు ఇది ఘోరంగా ఉండేది. దాన్ని బాగుచేసే పని నవోకి యోషిదా అనే నిర్మాతకి అప్పగించారు. ఆయన పాతదాన్ని నడుపుతూనే, పక్కన కొత్తదాన్ని మొదటి నుంచి కట్టించారు. 2012 నవంబర్‌లో ఆకాశంలోని చంద్రుడు ఒకటి నేల మీద పడి లోకం ముగిసినట్టు చూపించి పాత సర్వర్లు ఆపేశారు. 2013 ఆగస్టులో కొత్త ఆట వచ్చింది. పాత లోకంలో జరిగిన ఆ వినాశనమే కొత్త కథకి పునాది. పడిపోయిన ఆటని ఇలా లేపినవాళ్లు చాలా తక్కువ.

డంజన్లకి (జట్టుగా దూరే శత్రువుల కోటలకి) కావలసింది సరిగ్గా నలుగురు: ఒక ట్యాంక్ (దెబ్బలు కాచేవాడు), ఒక హీలర్ (గాయాలు మాన్పేవాడు), ఇద్దరు దెబ్బ కొట్టేవాళ్లు. మీరూ నలుగురే. ఒకే క్యారెక్టర్‌తో అన్ని జాబ్‌లూ (పోరాట పాత్రలూ) మార్చుకోవచ్చు, కాబట్టి ఈ వారం హీలర్ అయినవాడు వచ్చే వారం కత్తి పట్టొచ్చు.

పింగ్ మాట కూడా చెప్తాను. శత్రువు కొట్టబోయే చోటు నేల మీద నారింజ రంగులో వెలుగుతుంది. క్యాస్ట్ బార్ (దెబ్బ ఎంత సిద్ధమైందో చూపే పట్టీ) నిండిన క్షణంలో మీరు ఎక్కడ ఉన్నారన్నదే లెక్క. ఆ తర్వాత కనిపించే మంట ఒట్టి బొమ్మ. కాబట్టి ఆలస్యం ఉన్నవాళ్లు కాస్త ముందే కదలాలి, అలవాటైపోతుంది. మామూలు దెబ్బల మధ్య రెండున్నర సెకన్ల విరామం ఉంటుంది, అది కూడా మనకి మేలే.

తూర్పుగాలి · శనివారం, రాత్రి 11:31

వెన్నెల గారూ, నలుగురు అన్నది మాకు భలే నచ్చింది. ఉచిత ట్రయల్‌లోనే నలుగురం కలిసి ఆడుకోవచ్చా?

వెన్నెల_తీరం · శనివారం, రాత్రి 11:44

దాచకుండా చెప్పాలి కదా. ట్రయల్ ఖాతా ఉన్నవాళ్లు సొంతంగా పార్టీ (కలిసి ఆడే జట్టు) పెట్టలేరు. పూర్తి ఆట కొన్నవాళ్లు పిలిస్తే చేరొచ్చు. అంటే మీలో ఒకరైనా కొని, ఆ తర్వాత నెలనెలా కట్టాలి. గిల్డ్‌లో (ఆటగాళ్ల సంఘంలో) చేరలేరు, మార్కెట్ బోర్డు (ఆటగాళ్లు కొనీ అమ్మే చోటు) వాడలేరు, 3,00,000 గిల్ (ఆటలోని డబ్బు) దాటి దాచుకోలేరు. ఒక్కసారి కొన్న ఖాతాని మళ్లీ ట్రయల్‌కి మార్చలేరు, అందుకని తొందరపడి కొనొద్దు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొంటే ఎక్స్‌పాన్షన్లు కూడా స్టీమ్‌లోనే కొనాలి, బయట కొన్నది దానికి పట్టదు.

ఇంకొకటి. ప్రధాన కథలో చాలా భాగం ఎవరికి వాళ్లే చూడాలి. కథ దాటితేనే తర్వాతి డంజన్ తెరుచుకుంటుంది. నలుగురిలో ఒకడు వెనకబడితే మిగతావాళ్లు ఆగాలి, లేదా పాతవి మళ్లీ ఆడాలి.

టైరియా_బాటసారి · ఆదివారం, ఉదయం 7:15

వెన్నెల గారు చివర చెప్పిన మాట దగ్గరే నేను మొదలుపెడతాను. ఎప్పుడో ఒకప్పుడు ఆడే నలుగురిని విడదీసేది లెవెల్. డాలస్ వాడికి సెలవు దొరికి పది రోజులు ఆడేస్తాడు. కాకినాడ వాడు పండగ సీజన్‌లో షాపు వదలలేడు. నెల తిరిగేసరికి ఒకడు 60, ఒకడు 18. చాలా ఆటల్లో ఇక వాళ్లిద్దరూ కలిసి చేసేదేం ఉండదు. స్నేహితుల గుంపులు నేను చూసినంతలో ఇక్కడే ఆగిపోతాయి.

గిల్డ్ వార్స్ 2లో ఈ గొడవ లేదు. పెద్ద లెవెల్ వాడు చిన్న లెవెల్ మ్యాప్‌లోకి (ప్రాంతంలోకి) వస్తే ఆట అతని బలాన్ని ఆ మ్యాప్ స్థాయికి దించుతుంది, బహుమతులు మాత్రం అతని లెవెల్‌కి తగ్గట్టే ఇస్తుంది. గనిలో ఖనిజం నువ్వు తవ్వితే నా వాటా తగ్గదు, ఎవరిది వాళ్లకి విడిగా ఉంటుంది. ఒకే రాక్షసుణ్ణి పాతికమంది కొట్టినా తలా ఒక వాటా. దారిలో పడిపోయిన అపరిచితుణ్ణి లేపితే ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) వస్తుంది. అందుకే ఈ ఆటలో పక్కన ఇంకొకడు కనిపిస్తే సంతోషం వేస్తుంది. మిగతా చాలా ఆటల్లో పోటీ అనిపిస్తుంది.

లెవెల్ 80 అన్నది 2012 ఆగస్టులో ఆట వచ్చినప్పటి గరిష్ఠం. ఇన్ని ఎక్స్‌పాన్షన్లు వచ్చినా అది పెరగలేదు. ఎసెండెడ్ అనే గేర్ (ఆయుధాలు, కవచాలు) అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది, అంకెల్లో దాన్ని మించింది ఇప్పటికీ లేదు. లెజెండరీ అనే రకం ఉంది కానీ బలం అంతే, సౌకర్యం ఎక్కువ. ఏడాది మానేసి వచ్చినా మీ కత్తి కత్తిగానే ఉంటుంది. మీ పరిస్థితికి దీనికన్నా ముఖ్యమైన గుణం ఇంకోటి నాకు తోచదు.

నెల చందా లేదు. మొదటి ఆట మొత్తం, లెవెల్ 80 వరకూ ఉచితం. ఉచిత ఖాతాకి చాట్ మీద, మార్కెట్ మీద కొన్ని పరిమితులు ఉంటాయి, పార్టీ కట్టడానికి అడ్డు లేదు. సర్వర్లు అమెరికాలో, యూరప్‌లో ఉన్నాయి.

పాత_నాణెం · ఆదివారం, ఉదయం 8:02

పాత ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ గురించి ఎవరో ఒకరు చెప్పాలి. 2007 ఆగస్టు నాటి బ్యాకప్ నుంచి 2013లో మళ్లీ లేపిన ఆట ఇది. ఏ యంత్రంలోనైనా నడుస్తుంది. 2018 నుంచి ఫోన్‌లోనూ అదే ఖాతా. షాపు కౌంటర్ దగ్గర కూర్చుని కూడా చెట్లు నరుక్కోవచ్చు.

పింగ్ బాధ ఇక్కడ బాగా తక్కువ. ఆట మొత్తం 0.6 సెకన్ల టిక్‌ల (అడుగుల) మీద నడుస్తుంది. మీ ఆలస్యం అందులో ఇమిడిపోతుంది.

నలుగురికి గ్రూప్ ఐరన్‌మ్యాన్ అని ఒక పద్ధతి ఉంది, ఇద్దరి నుంచి అయిదుగురి వరకూ. బయటివాళ్లతో కొనడం అమ్మడం ఉండదు, మీరు నలుగురూ సంపాదించిందే మీకు. ఒకడు చేపలు పడతాడు, ఒకడు వండుతాడు, ఒకడు కవచం కొడతాడు, అందరికీ కలిపి ఒకే గోదాం. వేర్వేరు సమయాల్లో ఆడినా ఒకరి కష్టం ఒకరికి అందుతుంది. ఆదివారం ఒకేసారి కూర్చోలేకపోయినా బంధం తెగదు.

ఒకటి తెలుసుకుని రండి. ఏ నైపుణ్యంలోనైనా 99కి 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి. 92 చేరేసరికి సగం దారి. ఆ నెమ్మదితనం నచ్చేవాళ్లకే ఇది.

ఉప్పుటేరు · ఆదివారం, ఉదయం 8:30

ఫోన్‌లో ఆడేది అంటే ఆల్బియన్ కూడా ఉంది. బెర్లిన్ వాళ్లు 2017లో తెచ్చారు, 2019 నుంచి ఉచితం. అమెరికా, ఆసియా, యూరప్ మూడు చోట్లా సర్వర్లున్నాయి. మార్కెట్లో కనిపించే ఆయుధాలన్నీ ఆటగాళ్లు తయారుచేసినవే. క్లాస్ (ముందే ఎంచుకునే పాత్ర రకం) అంటూ లేదు, ఒంటి మీద ఏం వేసుకుంటే మీరు అదే. నీలం, పసుపు జోన్లలో ఓడినా సామాను పోదు. ఎరుపు, నలుపు జోన్లలో చచ్చారంటే ఒంటి మీద ఉన్నదంతా పోతుంది. నాకు గుండె దడ కావాలి, అందుకే ఆడతాను. వారానికి రెండు గంటలు, పాత స్నేహితులతో కబుర్లు అన్నారు కాబట్టి మీకు మాత్రం ఆడమని చెప్పను. వారం కష్టం ఒక్క నిమిషంలో పోతే ఆ ఆదివారం పాడవుతుంది.

ఓరుగల్లు_వీరుడు · ఆదివారం, ఉదయం 10:20

బాటసారి అన్నా, నీ మాటల ఒకటి నాకు ఎక్కలేదు. కత్తి ఎప్పటికీ అదే కత్తి అయితే మళ్ల ఎందుకు లాగిన్ కావాలె? వావ్‌ల మిథిక్ (అన్నిటికన్న కష్టమైన) రెయిడ్‌కు, అంటే పెద్ద గుంపు దాడికి, 20 మంది. ఒక బాస్ దగ్గర వారాల తరబడి చస్తం. ఒకరోజు అది కూలుతది. ఆ అరుపులు, ఆ రాత్రి నిద్రపట్టకపోవుడు, తెల్లారి ఆఫీసుల కూసుంటే గూడ అదే యాదికొచ్చుడు. కొత్త గేర్ వచ్చుడు, నిన్న చంపలేనిది ఇయ్యాల చంపుడు, గదే నాకు ఆట. మెట్లు లేని చోట ఎక్కుడేంది?

టైరియా_బాటసారి · ఆదివారం, ఉదయం 10:52

వీరుడు అన్నా, ఆ ఆనందాన్ని నేను కాదనను. అది కావాలంటే వావ్‌కి సాటి లేదు. గిల్డ్ వార్స్ 2లోనూ పదిమంది రెయిడ్లు ఉన్నాయి, కానీ ఆ లోతు, ఆ ఎడతెగని ఎక్కడం వావ్‌దే.

అయితే 20 మందిని ఒకే వేళకి కూర్చోబెట్టగలిగినవాళ్ల ఆట అది. మన తూర్పుగాలి నలుగురిని కూర్చోబెట్టడానికే దారి వెతుకుతున్నాడు. పైగా వావ్‌లో కొత్త సీజన్ వచ్చినప్పుడల్లా పాత గేర్ విలువ పడిపోతుంది. మూడు నెలలు షాపు పనిలో పడ్డ కాకినాడ తమ్ముడు తిరిగొచ్చేసరికి మళ్లీ కింది నుంచి మొదలు. అతను రెండోసారి తిరిగి వస్తాడంటావా?

నీ ప్రశ్నకి జవాబు: నేను లాగిన్ అయ్యేది చూడని మ్యాప్ కోసం, కొత్త మౌంట్ (ఎక్కి తిరిగే జంతువు) కోసం, పూర్తికాని లెజెండరీ కోసం. గ్రిఫన్ అనే మౌంట్ మీద ఎత్తైన కొండ నుంచి దూకి రెక్కలు విప్పితే చాలు నాకు.

ఓరుగల్లు_వీరుడు · ఆదివారం, ఉదయం 11:05

కాకినాడ తమ్ముని ముచ్చట మాత్రం నిజం. నా గిల్డ్‌ల గట్లనే మంచి మంచోళ్లు పోయిండ్రు, మళ్ల రాలే.

చుక్కల_ముగ్గు · ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ గురించి రెండు ముక్కలు. 2014లో చందాతో వచ్చింది, 2015 నుంచి తప్పనిసరి చందా లేదు. 2016 అక్టోబర్ మార్పు తర్వాత ఏ లెవెల్ వాళ్లయినా ఏ ప్రాంతానికైనా వెళ్లి కలిసి ఆడొచ్చు, కాబట్టి బాటసారి గారు చెప్పిన విడిపోయే సమస్య ఇక్కడా లేదు. ప్రతి పాత్రా గొంతుతో మాట్లాడుతుంది, కథ ఇష్టపడేవాళ్లకి విందు. కానీ తయారీ సామగ్రి దాచుకునే అపరిమిత సంచి చందాదారులకే, అది లేకుండా నిల్వ చాలక విసుగొస్తుంది. కాకినాడ ల్యాప్‌టాప్‌కి బరువు కూడా.

ఇంకో సంగతి నేను ఎప్పుడూ చూసేది, ఆట ఎంతకాలం బతుకుతుందని. అమెజాన్ 2021లో తెచ్చిన న్యూ వరల్డ్ మొదటి రోజుల్లో లక్షల మంది ఆడారు. 2025 అక్టోబర్‌కి ఇక కొత్త కంటెంట్ ఉండదని చెప్పేశారు. ఎంఎంఓలో పెట్టేది డబ్బు కన్నా కాలం కదా. ఈ చర్చలో మీకు చెప్పిన మిగతా ఆటలన్నీ కొన్నేళ్లు నిలబడ్డవే, అది నాకు ధైర్యం.

వెన్నెల_తీరం · ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఆడపిల్లలు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక మాట. కొత్తవాళ్లతో ఆ ఆటలో జనం ఎలా ఉంటారన్నది నేను అన్నిటికన్నా ముందు చూస్తాను. ఫైనల్ ఫాంటసీలో కొత్తవాళ్ల పేరు పక్కన చిన్న మొలక గుర్తు ఉంటుంది, అది చూసి జనం ఓపిక పడతారు. డంజన్ అయ్యాక బాగా ఆడిన తోటివాళ్లకి ఒక మెప్పు ఇవ్వొచ్చు. గంట కొట్టి పరిగెత్తించే టైమర్ డంజన్లలో అపరిచితులు మాట జారడం నేను వేరే ఆటల్లో ఎక్కువగా చూశాను. అపరిచితుల వాయిస్ చాట్‌లోకి మొదటి నెలలో వెళ్లొద్దు. గిల్డ్ వాళ్లు టెక్స్ట్‌లో ఎలా మాట్లాడుకుంటున్నారో కొన్నాళ్లు గమనించి, తర్వాత గొంతు కలపండి.

చందా కట్టేవాళ్లకి ఇంకొకటి. 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నియమాల ప్రకారం కార్డు నుంచి నెలనెలా తనంతట తాను డబ్బు పోవాలంటే ముందే ఈ-మ్యాండేట్ (బ్యాంకుకి ఆన్‌లైన్ అనుమతి) ఇచ్చి ఉండాలి. విదేశీ చందాలు అక్కడే ఆగిపోతుంటాయి. యూపీఐ తీసుకునే స్టీమ్ లాంటి చోట ఒకేసారి కొనేసే ఆటకి ఈ తలనొప్పి ఉండదు.

తూర్పుగాలి · ఆదివారం, సాయంత్రం 5:10

మావాళ్లకి ఈ చర్చంతా పంపాను. గిల్డ్ వార్స్ 2కి ముగ్గురు సరే అన్నారు. డాలస్ వాడు మాత్రం అమెరికా సర్వర్ అంటున్నాడు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి వాడు ఖాళీ, అప్పుడు మాకు ఆదివారం ఉదయం ఎనిమిది. యూరప్ సర్వర్‌లో ఆ వేళకి జనం ఉంటారా?

లాగ్_విరోధి · ఆదివారం, సాయంత్రం 5:35

ఉండరు. మీకు ఉదయం ఎనిమిదంటే జర్మనీలో తెల్లవారుజాము నాలుగున్నర. బర్మింగ్‌హామ్‌లో మూడున్నర, మీవాడు నిద్ర మానుకోవాలి. ఆ వేళకైతే అమెరికా సర్వరే సందడి. కానీ గిల్డ్ వార్స్ 2లో డాడ్జ్ కొట్టినప్పుడు (దెబ్బ తప్పించుకోవడానికి దొర్లినప్పుడు) మీకు దెబ్బ తగలని సమయం 0.75 సెకన్లు. 250 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే అందులో మూడో వంతు. తెర మీద తప్పించుకున్నట్టే ఉంటుంది, ప్రాణం పోతుంది.

వేళ మార్చండి. ఆదివారం రాత్రి ఎనిమిదికి మీరు కూర్చుంటే డాలస్‌లో ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర, బర్మింగ్‌హామ్‌లో మధ్యాహ్నం మూడున్నర, జర్మనీలో సాయంత్రం నాలుగున్నర. యూరప్ మ్యాప్‌లు కిటకిటలాడే వేళ. చలికాలంలో వాళ్ల గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, అప్పుడు మీరు తొమ్మిదికి కూర్చోండి. కాకినాడ షాపు ఆదివారం ఎన్నింటికి మూస్తారో మరి.

తూర్పుగాలి · ఆదివారం, రాత్రి 8:20

షాపు ఆదివారం మధ్యాహ్నానికే మూసేస్తారట. డాలస్ వాడు ఒప్పుకున్నాడు, టిఫిన్ తింటూ ఆడతానన్నాడు. యూరప్ సర్వర్, ఆదివారం రాత్రి ఎనిమిది. ఇక పాత ల్యాప్‌టాప్ సంగతి చెప్పండి.

టైరియా_బాటసారి · ఆదివారం, రాత్రి 9:05

ఖాతా తెరిచాక ప్రాంతం అడిగినప్పుడు నలుగురూ యూరప్ ఎంచుకోండి. ఒక్కడు అమెరికా నొక్కినా అతను మీకు కనపడడు. డాలస్ వాడికి ఇది ప్రత్యేకంగా చెప్పండి.

కాకినాడ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌కి వెళ్లి నీడలు, ప్రతిబింబాలు ఆపేయమనండి. క్యారెక్టర్ మోడల్ లిమిట్, క్యారెక్టర్ మోడల్ క్వాలిటీ రెండూ అట్టడుగుకి. జనం గుమిగూడినప్పుడు యంత్రాన్ని కుంగదీసేవి ఆ రెండే. మామూలు మ్యాప్‌లలో సాఫీగా పోతుంది, పెద్ద పోరాటాల్లో కాస్త తడబడుతుంది. ఆట మొత్తం ముందు రోజే డౌన్‌లోడ్ చేసిపెట్టుకోమనండి.

అతను రేంజర్ తీసుకుంటే మేలు. దూరం నుంచి బాణాలు, ముందు పెంపుడు జంతువు. తెర తడబడినా ప్రాణం నిలుస్తుంది. నలుగురూ ఒకే జాతి తీసుకుంటే మొదటి మ్యాప్ కలిసి తిరగొచ్చు, వేరైనా ఫరవాలేదు, కాస్త లెవెల్ పెరిగాక నగరాల గేట్ల గుండా ఒకరి దగ్గరికి ఒకరు రావచ్చు. లెవెల్ 30 అయ్యేవరకు డంజన్ల జోలికి వెళ్లకండి, మ్యాప్‌లో కనిపించిన ఈవెంట్‌కల్లా పరిగెత్తండి.

రాత్రి 9:30కి టెక్వాటిల్ అనే డ్రాగన్ లేస్తుంది, అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 16:00, ఏడాది పొడవునా మనకి అదే వేళ. వెళ్లాలంటే ముందు లెవెల్ పెరగాలి. కొన్ని నెలలు పడుతుంది. ఆ వారం ఇక్కడ రాయండి, నేనూ యూరప్‌లోనే ఉంటాను, కమాండర్ ట్యాగ్ (గుంపుకి దారి చూపే గుర్తు) వేసుకుని వస్తాను.

ఓరుగల్లు_వీరుడు · ఆదివారం, రాత్రి 9:22

ఆదివారం మా రెయిడ్ ఉండదు. ఉచితమే అంటున్నరు గదా, ఆ డ్రాగన్ రోజుకు నేను గూడ ఒక క్యారెక్టర్ చేసి పెట్టుకుంట. బాటసారి అన్నా, కత్తి డాలు పట్టేటోడు అందుల ఎవడు?

టైరియా_బాటసారి · ఆదివారం, రాత్రి 9:26

వారియర్ లేదా గార్డియన్. నీకైతే గార్డియన్, అన్నా. పక్కవాళ్లని కాపాడే పని దానిదే.